నాగేంద్రప్రసాద్‌కి 'పితామహుడు' బిరుదు ఎక్కువైందా?

గోల్‌పోస్ట్:
మన ఫుట్‌బాల్ చరిత్ర ఎక్కడ చదివినా నాగేంద్రప్రసాద్ సర్వాధికారి (1869-1940) పేరు ముందు 'భారత ఫుట్‌బాల్ పితామహుడు' అని తగిలిస్తారు. దానికి చెప్పే కథ ఇది. 1877లో ఎనిమిదేళ్ల పిల్లాడు తల్లితో కలిసి గంగాస్నానానికి బండిలో పోతున్నాడు. కలకత్తాలో ఒక మైదానంలో తెల్లవాళ్లు బంతి ఆడుతుంటే బండి దిగి నిలబడ్డాడు. బంతి దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికొచ్చింది. ఇటు తన్నమన్నాడు ఓ సోల్జరు, ఇతను తన్నాడు. అంతే, దేశంలో ఫుట్‌బాల్ పుట్టేసిందట! ఒక్క తన్నుకి అంత బిరుదా? నన్నడిగితే అది 1911లో తెల్ల పటాలం ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో కొట్టి ఐ.ఎఫ్.ఏ. (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డ్ పట్టుకొచ్చిన కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ది. శిబ్‌దాస్ భాదురీ జట్టు. పదకొండు మందిలో పదిమందికి కాళ్లకి బూట్లు కూడా లేవు.

పాతకాగితం:
ఆ తన్ను కథలో ఇంకో తిరకాసు ఉంది. అప్పట్లో అక్కడున్న కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టిందే కోలబంతితో ఆడే రగ్బీ కోసం. 1878లో దాన్ని మూసేసినప్పుడు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి పంపారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇప్పటికీ ఆ 'కలకత్తా కప్' కోసమే ఆడుకుంటాయి. మరి 1877లో పిల్లాడి కాళ్ల దగ్గరికొచ్చింది గుండ్రటి బంతా, కోలబంతా?

తర్వాతి కథ కూడా దీనికి సరిపోతుంది. హేర్ స్కూల్లో తోటిపిల్లలతో చందాలు వేసుకుని చౌరంగీలో బంతి కొంటే అది రగ్బీ బంతి అయిందట. ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ స్టాక్ చూసి నవ్వి, అసలు ఆట నేర్పించాడట. షాపువాడు పొరపాటున ఇచ్చాడంటారు గానీ, పిల్లలు తాము చూసిన బంతినే అడిగి తెచ్చుకుని ఉంటారని నా అనుమానం.

హాఫ్‌బ్యాక్:
ఇద్దరూ తన్ను దగ్గరే ఆగిపోయారు. అది పుక్కిటి పురాణమే అనుకుందాం, నాకేం అభ్యంతరం లేదు. అసలు సంగతి వెల్లింగ్టన్ క్లబ్ దగ్గరుంది, దాన్నేమో ఎవరూ ఎత్తడం లేదు.

నాగేంద్రప్రసాద్ స్కూలు రోజుల నుంచే బాయ్స్ క్లబ్, ఫ్రెండ్స్ క్లబ్, ప్రెసిడెన్సీ క్లబ్ అని ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ పోయాడు. వెల్లింగ్టన్ వాటిలో పెద్దది, పెద్దింటి కుర్రాళ్లది. అందులోకి మణి దాస్ అనే కుర్రాడిని తీసుకొచ్చాడు. కుమ్మరి కొడుకు. బాగా ఆడతాడు. సభ్యులు ససేమిరా అన్నారు, మా పక్కన కుమ్మరాడు ఆడటమేంటన్నారు. అలాంటప్పుడు మామూలుగా ఏం చేస్తారు? "ఈసారికి వదిలెయ్ తమ్ముడూ, తర్వాత చూద్దాం" అని కుర్రాడికి నచ్చజెప్పి పంపేస్తారు. ఈయన క్లబ్బునే రద్దు చేశాడు. శోభాబజార్ క్లబ్ పెట్టి మొదటి సభ్యుడిగా మణి దాస్ పేరు రాశాడు.

ఇది 1880ల నాటి మాట, అదీ కలకత్తా భద్రలోక్ ఇళ్లలో, అంటే చదువుకున్న పెద్దింటివాళ్ల ఇళ్లలో. ఆయన తండ్రి పేరున్న డాక్టరు, సోదరుడు దేవప్రసాద్ తర్వాత కలకత్తా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యాడు. అలాంటి ఇంటివాడు సాటివాళ్లతో తెగతెంపులు చేసుకున్నాడు. 1892లో ట్రేడ్స్ కప్ అనే పోటీలో ఈస్ట్ సర్రే రెజిమెంట్‌ని 2-1తో ఓడించింది ఆ శోభాబజారే. తెల్ల పటాలం మీద మనవాళ్ల తొలి గెలుపుగా చెప్పుకునేది దాన్నే. మోహన్ బగాన్ షీల్డుకి 19 ఏళ్ల ముందు.

సికింద్రాబాద్_సెంటర్:
హాఫ్‌బ్యాక్ అన్నా, కథ మంచిగుంది, కాదనను. కానీ 'భారత' అన్న మాట దగ్గరే నాకు పేచీ. కలకత్తాలో జరిగిందల్లా దేశం మొత్తానిది ఎట్లయితది? మా సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. 1943 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ. వాటంలేని కాలితోనే ఆడాలని రూలు పెట్టి పిల్లలకు పోటీలు పెట్టిండు. ఆయన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్‌లు (బొంబాయిలో జరిగే పోటీ) కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాకి నాలుగో స్థానం, 1951, 1962 ఏషియాడ్ బంగారాలు అన్నీ ఆయన కోచింగ్‌లోనే. ఇంకేం కావాలె?

గోల్‌పోస్ట్:
రహీం సాబ్‌కి నా ఓటు కూడా. ఇక హాఫ్‌బ్యాక్ గారూ, ఒక్క మాట. నాగేంద్రప్రసాద్ శోభాబజార్ రాజవంశానికి అల్లుడు. వెనకాల జమీందారు ఇల్లు ఉంటే క్లబ్ మూసి ఇంకోటి తెరవడం ఎంత పని? మామూలు గుమాస్తా కొడుకైతే చేసేవాడా?

హాఫ్‌బ్యాక్:
చేయలేకపోయేవాడేమో. కానీ అదే డబ్బుతో అదే రోజుల్లో మిగతా బాబులు ఏం చేశారు? తెల్లదొరలకి విందులిచ్చారు, కప్పులకి విరాళాలు రాశారు. డబ్బుండటం గురించి కాదు నేనంటున్నది, అది ఎవరి కోసం వాడాడన్నది చూడండి. 1898లో మొదలైన కలకత్తా లీగ్‌లోకి మోహన్ బగాన్‌ని రానిచ్చింది 1914లో, అదీ రెండో డివిజన్‌లోకి. దొరలు గేటు వేసుకుని కూర్చున్న ఊళ్లో, తనవాళ్లు కుమ్మరి కుర్రాడికి వేసిన గేటు తీశాడాయన.

సికింద్రాబాద్ తమ్ముడూ, కలకత్తా, ఇండియా ఒకటి కాదన్న మాట ఒప్పుకుంటా. 'బెంగాల్ ఫుట్‌బాల్ పితామహుడు' అంటే నాకు పేచీ లేదు.

పాతకాగితం:
అట్లా అయితే నాకూ సమ్మతమే, ఆ 1877 తన్నుని మాత్రం పిల్లల పాఠాల్లోంచి తీసేసి మణి దాస్ కథ పెట్టండి.

గోల్‌పోస్ట్:
పెట్టండి. కానీ శోభాబజార్ 1893లో మొదటి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఆడింది, ఉత్త చేతులతో వచ్చింది. ఆ షీల్డు తెచ్చింది మోహన్ బగాన్. బిరుదు విషయంలో నేను మారను.

సికింద్రాబాద్_సెంటర్:
సరే భాయ్, ఇంతకీ రహీం సాబ్ గురించి వేరే చర్చ పెడతారా, నన్నే పెట్టమంటారా?