అప్‌డేట్: మొదటి మెటల్ డిటెక్టర్ కొనేశాను

గ్యారెట్ ఏస్ 300 తీసుకోనా, మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ 340 తీసుకోనా అని పోయిన నెల అడిగింది నేనే. ఉండేది హ్యూస్టన్‌లో, తిరిగేది గాల్వెస్టన్ బీచ్‌లో కాబట్టి వాన్‌క్విష్‌కే వెళ్లాను. ఏస్‌ది ఒకే ఫ్రీక్వెన్సీ, ఉప్పునీటి తడి ఇసుకలో ఊరికే కూస్తుందని చెప్పినవాళ్లకి థ్యాంక్స్.

మొదటి రోజు మూడు గంటలు వంగి వంగి తవ్వితే 11 సీసా మూతలు, 2 కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగులు, ఒక నికెల్ (అయిదు సెంట్ల నాణెం), 4 పెన్నీలు (ఒక సెంటు నాణేలు). 1982 తర్వాతి పెన్నీల్లో లోపలంతా జింకే కదా, ఉప్పుకి అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. డబ్బా రింగుకీ నికెల్‌కీ దాదాపు ఒకటే మోత. బంగారు ఉంగరాలూ ఆ దరిదాపుల్లోనే మోగుతాయి కాబట్టి ఏదీ వదలట్లేదు. "చెత్త ఏరడానికా ఇంత ఖర్చు?" అంటోంది మా ఆవిడ.

తవ్విన చోట వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపించే చేతి డిటెక్టర్, అదే పిన్‌పాయింటర్, కొనకపోవడమే నా పొరపాటు. గుప్పెడు ఇసుకలో నాణెం వెతకడానికే పావుగంట పట్టింది.