హావ్‌లాక్‌లో డైవింగ్: ఈత రాదు, చేతిలో ఐదు రోజులే

వేలచ్చేరి వాసి:
నమస్కారం అండి. ఫిబ్రవరిలో నేను, మా ఆవిడ చెన్నై నుంచి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నాం, టికెట్లు తీసేసుకున్నాం. చిన్నప్పుడు ఊళ్లో దిగుడుబావిలో పడ్డప్పటి నుంచి నాకు నీళ్లంటే భయం, ఈత కూడా నేర్చుకోలేదు, అయినా జన్మలో ఒక్కసారైనా పగడాలను దగ్గరగా చూడాలని ఉంది. మొదట ఊరంతా తిరిగేసి, నాలుగో రోజు మధ్యాహ్నం హావ్‌లాక్ దీవిలో డైవ్ (గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం) చేసి, సాయంత్రం పడవలో పోర్ట్ బ్లెయిర్ చేరి, మర్నాడు తెల్లవారుజామున విమానం ఎక్కుదామని ప్లాన్. సరిపోతుందా? మా ఆవిడకి సైనస్ ఉంది, అదొక టెన్షన్.

కడలి కబుర్లు:
ఆ నాలుగో రోజు డైవ్‌ని దయచేసి రెండో రోజు ఉదయానికి మార్చండి. నీళ్ల కింద ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, పైకి వచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి, ఈలోగా విమానం ఎక్కితే అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి బుడగలై కీళ్లకీ నరాలకీ ప్రమాదం తెస్తుంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగమంటారు. నేనైతే పూర్తిగా ఒక రోజు వదిలేస్తాను. పడవకి ఈ బాధ లేదు.

ఈత రాకపోయినా ఫర్వాలేదు. మొదటిసారి వాళ్లకి 12 మీటర్లు దాటనివ్వరు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటారు. ముందు లోతు లేని చోట నోటితో గాలి పీల్చడం, మాస్క్‌లో నీళ్లొస్తే ఊదేయడం నేర్పిస్తారు, అక్కడ మీ భయం తగ్గకపోతే దిగనని చెప్పేయండి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. నొప్పి మొదలవకముందే ముక్కు మూసుకుని మెల్లగా ఊదుతూ ఉండాలి.

అన్నానగర్ అక్క:
తమ్ముడూ, సైనస్ సంగతి నాకు తెలుసు. జలుబుతో వెళ్లాను, ఆరోగ్యం ఫారం కూడా నింపించకుండా దించేశారు, నాలుగు మీటర్లకే నుదుటి మీద మేకు దిగినట్టయింది. వెంటనే పైకి తెచ్చారు కానీ ముక్కులోంచి రక్తం వచ్చింది. బయలుదేరే ముందే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి చూపించండి, అక్కడ ఫారం అడగని వాళ్ల దగ్గర అసలు దిగొద్దు. మరదలు డైవ్ చేయలేకపోయినా బెంగ వద్దు, హావ్‌లాక్‌లోనే ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ (నీటి మీదే తేలుతూ, గొట్టంతో గాలి పీలుస్తూ కిందికి చూడటం) చేస్తే చిలక రంగు చేపలు చెయ్యి చాపేంత దూరంలో తిరుగుతాయి, నేను ఆ గంటసేపూ తల పైకెత్తలేదు.

ఒక్కటే కోరిక, పగడాల మీద నిలబడొద్దు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో చాలా పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి, మిగిలినవైనా బతకాలి. ముక్క తీసుకురావడం కూడా నేరమే.

పడవ ప్రయాణికుడు:
పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని, హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని పేర్లు, టికెట్ల మీద చూసి కంగారు పడకండి. ప్రైవేటు పడవలో గంటన్నర పైనే పడుతుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే రద్దు చేస్తారు, అందుకే తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. అక్కడ పొద్దు తొందరగా వాలిపోతుంది, హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కి నాలుగింటికల్లా చేరాలి. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న చోట మాత్రం నీళ్లలోకి అడుగు పెట్టొద్దు, 2010లో అక్కడ ఒక పర్యాటకురాలి ప్రాణం పోయింది.

వేలచ్చేరి వాసి:
అందరికీ చాలా థాంక్స్. దిగిన రోజే హావ్‌లాక్ పడవ, రెండో రోజు ఉదయం డైవ్, నాలుగో రోజు సెల్యులార్ జైలు అని మార్చేశాను. శనివారం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం అక్కా, ఆయన వద్దంటే ఇద్దరం స్నార్కెలింగే చేస్తాం.