మా అమ్మాయి తనను తాను గాయపరచుకుంటోంది; ఇంట్లో మేము ఎలా నడుచుకోవాలి?

ప్రశ్న (ఒక తల్లి, మారతహళ్లి):
నమస్కారం. మాది నెల్లూరు, పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. మా అమ్మాయి మొదటి పీయూసీ (మన ఇంటర్ మొదటి ఏడాది) చదువుతోంది. ఏప్రిల్ ఎండల్లో కూడా నిండు చేతుల చొక్కా విడవడం లేదేమిటా అనుకుంటూనే ఉన్నాను. ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే చొక్కా చెయ్యి పైకి జరిగి, ముంజేతి మీద మానినవీ మాననివీ గీతలు కనిపించాయి. నేను ఏడ్చాను, ఆయన కేకలు వేశారు, చివరకు దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకున్నాము. మూడు వారాలకే ఆ ఒట్టు తప్పింది. అప్పటి నుంచి మాతో మాటలు మానేసింది. ఇది చావాలన్న ఆలోచనేనా? ఆసుపత్రికి వెళితే పోలీసు కేసు అవుతుందని మా మరిది అంటున్నాడు. మాకు కన్నడం పని గడుపుకునేంతే వచ్చు. తెలుగులో సాయం దొరుకుతుందా?

జవాబు (మనోవైద్య విభాగంలో సామాజిక కార్యకర్త):
అమ్మా, చికిత్స కోసం వెళ్లినంత మాత్రాన కేసు అవదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వారిని సైతం తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని చెబుతోంది. ఇలా గాయపరచుకునే వారిలో చాలామంది చావును కోరుకోరు. భరించలేని బాధ ఆ నిమిషానికి తగ్గుతుందని అలా చేస్తారు. అయినా ముందుముందు ఆత్మహత్య ముప్పు పెరుగుతుంది కాబట్టి దీన్ని నాటకమని కొట్టిపారేయడం చాలా ప్రమాదకరం. "చనిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని నేరుగా అడగండి, అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

ఈ అలవాటును మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. కుంగుబాటు, ఆందోళన వంటివి ఉంటే వాటికి మందులు ఇస్తారు. మార్షా లైన్‌హాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స, ఉద్వేగం ఎగసిన వేళ దాన్ని ఎలా దాటాలో నేర్పుతుంది. కౌమార వయసు వారికిచ్చే పద్ధతిలో తల్లిదండ్రులు కూడా కూర్చుని నేర్చుకుంటారు. హోసూరు రోడ్డులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లలకూ కౌమారులకూ ప్రత్యేక మనోవైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

జవాబు (ఒకప్పుడు ఆ అమ్మాయి స్థితిలోనే ఉన్నదాన్ని):
ఆంటీ, నాతోనూ ఒట్టు వేయించారు. దానివల్ల గాయంతో పాటు ఒట్టు తప్పిన సంగతి కూడా దాచుకోవలసి వచ్చింది. మా అమ్మ ఒకనాడు ఏమీ అడగకుండా గాయం కడిగి కట్టు కట్టి, "ఎంత రాత్రయినా నన్ను లేపు" అని మాత్రం అంది. డిసెంబరులో ఒకసారి రెండు గంటలకు లేపాను. నానబెట్టిన అనపగింజలు ముందు పెట్టుకుని ఇద్దరమూ పితుకుతూ కూర్చున్నాము. గిన్నె సగం నిండేసరికి గాయపరచుకోవాలన్న ఆ ఉధృతి తగ్గిపోయింది. పూర్తిగా మానడానికి చికిత్సతో రెండేళ్లు పట్టింది, మధ్యలో తప్పిన రోజులూ ఉన్నాయి. తప్పినప్పుడు కూడా అమ్మ ముఖం మార్చలేదు.

జవాబు (ఒక తండ్రి, హెబ్బాళ):
చెల్లెమ్మా, బావగారిలాగే నేనూ అరిచాను, భయమే అలా కోపమై బయటికి వచ్చింది. మందుల పెట్టెకు తాళం వేయండి, ఎందుకు వేస్తున్నారో అమ్మాయికి చెప్పే వేయండి. చాటుగా గది వెతకకండి. మా అబ్బాయి అది తెలిసి నెల రోజులు తలుపు తీయలేదు.

ప్రశ్న వేసిన తల్లి:
అందరికీ నమస్కారాలు. ఈ రాత్రి ఆయనా నేనూ కలిసి 14416కు ఫోన్ చేస్తాము. దానికంటే ముందు ఆ ఒట్టు వేయించినందుకు అమ్మాయిని క్షమించమని అడుగుతాను.