గ.సా.భా.లో గరిష్ఠం ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. "గరిష్ఠం అంటే అన్నిటికన్నా పెద్దది కదా నాన్నా! మరి 12, 18లకు గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) 6, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 36 ఎలా అవుతాయి? పేర్లు తారుమారయ్యాయా?" అంటోంది. ఏం చెప్పాలి? అన్నట్టు, 'గరిష్ట' అని రాయాలా, 'గరిష్ఠ' అనా?

జవాబు: మీ అమ్మాయికి వచ్చింది చాలా మంచి సందేహం. చిక్కంతా పొడి అక్షరాల్లో ఉందండీ. గ.సా.భా. అనగానే 'గరిష్ఠ' మీదికే మనసు పోతుంది. సమాసంలో అసలు మాట చివరిది, 'భాజకం'. కాబట్టి చివరి నుంచి చదివించండి. 12, 18 రెండిటినీ శేషం లేకుండా భాగించే సంఖ్య 12ను మించదు. ఆ చిన్నవాటిలో పెద్దది గ.సా.భా. రెండిటికీ గుణిజం, అంటే ఆ రెండూ శేషం లేకుండా భాగించే సంఖ్య, 18కి తగ్గదు. ఆ పెద్దవాటిలో చిన్నది క.సా.గు.

నడుమ ఉన్న 'సామాన్య' కూడా పిల్లలను తికమకపెడుతుంది. ఇక్కడ దాని అర్థం 'మామూలు' కాదు, 'ఉమ్మడి'. పుస్తకాల్లో ఆ తెలుగు మాటే ఉంటే ఎంత బాగుండేదో!

ఇంట్లోనే చూపించవచ్చు. గది పొడవు 540 సెం.మీ., వెడల్పు 420 అనుకోండి. ఒక్క ముక్కా కోయకుండా చదరపు టైల్స్ పరవాలి. వీలైనంత పెద్దవి కావాలి. 540లోంచి 420 తీస్తే 120. 420లో 120 మూడుసార్లు పోగా 60 మిగిలింది. 120లో 60 సరిగ్గా రెండుసార్లు. అంటే గ.సా.భా. 60; కావాల్సినవి 60 సెం.మీ. టైల్స్, పొడవునా 9, అడ్డంగా 7, మొత్తం 63. ఇలా ఒకదానితో ఒకటి భాగించుకుంటూ పోగా చివర దొరికే సంఖ్యను భాస్కరాచార్యుడు 'లీలావతి'లో 'అపవర్తనం' అన్నాడు. హిందీవారి 'మహత్తమ సమాపవర్తక్'లో ఆ మాట ఇప్పటికీ ఉంది.

ఇక రాత సంగతి: ఒత్తు ఠకారమే. గురువు (బరువైనది) నుంచి గరిష్ఠం, బలం నుంచి బలిష్ఠం. జ్యేష్ఠ, కనిష్ఠ, శ్రేష్ఠ అన్నీ ఈ వరుసే. ఇష్టం, కష్టం వేరు.

ప్రశ్న: టైల్స్ లెక్క వెంటనే పట్టేసిందండీ! పేరంటానికి తెచ్చిన 48 లడ్డూలు, 36 అరటిపళ్లు ముందేసుకుని, "12 పొట్లాలు, ఒక్కోదాంట్లో 4 లడ్డూలు, 3 పళ్లు" అని తనే తేల్చింది. పక్కింటి అబ్బాయి పుస్తకంలో గ.సా.కా. అని ఉందట. అది వేరా?

జవాబు: రెండూ ఒకటేనండీ. అక్కడ 'కా' అంటే కారణాంకం, అదీ భాజకమే. దాన్నీ చివరి నుంచే చదవమనండి.