అప్‌డేట్: ఉప్పునీటి ట్యాంకులో రాళ్ల వెనక ఎర్ర జిగురు పోయింది

పోయిన నెల నేను అడిగింది ఇదీ: మా 200 లీటర్ల ఉప్పునీటి చేపల ట్యాంకులో రాళ్ల వెనక ఎర్రటి జిగురు పొర పదే పదే వస్తోంది, ఇంకా పెద్ద పంపు కొనాలా అని. అక్కర్లేదు, ఉన్నవాటి చోటు మార్చమని చెప్పినవాళ్లకి చాలా థ్యాంక్సండీ. మీ మాటే నిజమైంది.

నా రెండు వేవ్‌మేకర్లూ (ట్యాంకులో నీళ్లని కదిపే పంపులు) ఒకే పక్క నుంచి రాళ్ల మీదికి కొట్టేవి. ముందు హోరు, వెనక నీళ్లు కదిలేవే కావు. మిగిలిన మేతా, చేపల మలమూ అక్కడే చేరి కుళ్లేవి. ఇప్పుడు ఒకదాన్ని ఎదుటి అద్దానికి మార్చి కొంచెం పైకి తిప్పాను. రెండు ధారలూ మధ్యలో ఢీకొని చెదురుతున్నాయి, పైన నీళ్లు కదులుతున్నాయి కాబట్టి ఆక్సిజనూ బాగా కలుస్తుంది. అన్నిటికంటే పనిచేసింది మాత్రం రాళ్లని వెనక అద్దం నుంచి నాలుగు వేళ్ల దూరం జరపడం. ఆ సందులో నీళ్లు తిరగడం మొదలయ్యాక జిగురుని సైఫన్ ట్యూబుతో లాగేశాను. మూడు వారాలైంది, మళ్లీ రాలేదు.

ఒక తప్పు చేశాను. మొదటిరోజు ధార నేరుగా టార్చ్ కోరల్ (ఒక రకం పగడపు జీవి) మీద పడి, సాయంత్రానికి అది ముడుచుకుపోయింది. పంపు కోణం మార్చిన మర్నాడు విచ్చుకుంటే ప్రాణం లేచొచ్చింది. ఒక మూల ఇసుక ఇంకా గుంట పడుతోంది, దాని సంగతి ఈ వారం చూస్తాను.