కిడ్నీ నాళంలో స్టెంట్ వేస్తుండగా గడ్డ కట్టింది: అడక్కుండా మందు ఎక్కించొచ్చా?

గుణుపురం_కోడలు: మా మామయ్యగారికి కిడ్నీకి వెళ్లే ధమని సన్నబడిందని విశాఖ తీసుకెళ్లాం. మా ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లదంటే పొలం తాకట్టు పెట్టాం. స్టెంట్ వేస్తుండగా రక్తం గడ్డ కట్టి నాళం మూసుకుపోయిందట. బయట కూర్చున్న మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా గడ్డ కరిగించే మందు ఇచ్చారు. ఆ రాత్రి గజ్జల్లో గొట్టం పెట్టిన చోట రక్తస్రావం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది. అడక్కుండా ఎలా ఇస్తారు?

బరంపురం_టెక్నీషియన్: అమ్మా, నేను స్టెంట్లు వేసే గదిలోనే, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో, పనిచేస్తాను. రక్తం పూర్తిగా ఆగిపోతే కిడ్నీ గంట, గంటన్నరకు మించి తట్టుకోవడం కష్టం. గడ్డను సన్న గొట్టంతో పీల్చి తీస్తారు, లేదా అదే గొట్టంలోంచి ఆల్టిప్లేజ్ లాంటి మందు నేరుగా గడ్డలోకి ఇస్తారు. కరిగించే మందు కాబట్టి రక్తస్రావం ముప్పు ఉంటుంది. బయటికొచ్చి మాట్లాడే టైమ్ ఉండదు.

రాయగడ_రైతు: అక్కా, గడ్డ కట్టకుండా ఇచ్చే హెపారిన్ వేశాక ఏసీటీ, అంటే రక్తం గడ్డ కట్టడానికి పట్టే సమయం, ఎంతుందో రిపోర్టులో ఉందా?

గుణుపురం_కోడలు: హెపారిన్ అని ఉంది. ఏసీటీ రాయలేదు.

రాయగడ_రైతు: అదిగో! 250 సెకన్లకు తగ్గకుండా చూస్తే గడ్డే కట్టేది కాదు.

బరంపురం_టెక్నీషియన్: 250 దాటినా కట్టొచ్చు. రాయకపోవడం వేరు, చూడకపోవడం వేరు. పైగా మూసుకున్నది ప్రతిసారీ గడ్డే అవదు. బెలూన్ ఉబ్బించినప్పుడు నాళం గోడలోని కొవ్వు చితికి, ఆ నలుసులు లోపలి సన్న నాళాల్లోకి పోతాయి. వాటిని ఏ మందూ కరిగించదు. అవి కాళ్లలోకీ పోవచ్చు, కాలివేళ్లు నీలంగా మారాయేమో చూడండి.

రాయగడ_రైతు: ఏసీటీ సంగతి చెప్పండి. మా తమ్ముడి గుండె స్టెంటప్పుడు కూడా ఫైలు కోసం నెలల తరబడి తిప్పారు. రాయనిది చేయనట్టే.

పర్లాకిమిడి_మాస్టారు: ఆ అంకెను కాసేపు వదలండి బాబూ.

గుణుపురం_కోడలు: ఆయనకు పూర్తి మత్తు ఇవ్వలేదు, మెలకువగానే ఉన్నారు. ఆయన్నయినా అడగొచ్చుగా?

బరంపురం_టెక్నీషియన్: నడుం నొప్పితో మెలికలు తిరిగే మనిషిని సంతకం అడగమంటారా? డాక్టర్ల మీద అంత అపనమ్మకం ఉంటే ఎందుకు తీసుకెళ్లారు?

గుణుపురం_కోడలు: నమ్మే తీసుకెళ్లాం! రెండు మాత్రలతో ఆయన బీపీ 130 దగ్గరే ఉండేది. క్రియాటినిన్ నిలకడగా ఉంది. ఆయాసం లేదు. స్కాన్‌లో సన్నబడినట్టు కనబడిందని స్టెంట్ అన్నారు. మాత్రలతోనే నడపొచ్చని ఒక్కరూ చెప్పలేదు. నా బాధంతా అదే.

బరంపురం_టెక్నీషియన్: ఇది మొదటే చెప్పాల్సింది. 2009లో ఆస్ట్రల్ పరిశోధన 806 మందితో, 2014లో కోరల్ 947 మందితో వచ్చాయి. కొవ్వు పేరుకుని సన్నబడిన నాళాలకు మందులతో పాటు స్టెంట్ వేసినా అదనపు లాభం కనబడలేదు. కానీ మా మేనమామకు ఇలాగే కిడ్నీ నాళం సన్నబడి ఊపిరితిత్తుల్లో పదేపదే నీరు చేరేది, స్టెంట్ వేశాకే ఆగింది. స్టెంటే దండగ అంటే నేనొప్పుకోను.

గుణుపురం_కోడలు: దండగని నేననలేదు. మామయ్యగారికి అవసరమా అని అడిగే వీలు మాకివ్వలేదంటున్నా.

పర్లాకిమిడి_మాస్టారు: గడ్డ కట్టొచ్చు, కడితే ఈ మందిస్తాం, రక్తం కారొచ్చు, మాత్రలతో ఆగే దారీ ఉంది. ఈ నాలుగు మాటలూ ముందు రోజు వార్డులో చెప్పాలి. అప్పుడు బల్ల దగ్గర అడగాల్సిన పనే ఉండదు.

బరంపురం_టెక్నీషియన్: దానికి నేనూ ఒప్పుకుంటా. అమ్మా, కోపంతో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాన్పించకండి. కొత్త స్టెంట్‌లో మళ్లీ గడ్డ కట్టొచ్చు. రక్తస్రావం అయిందని చెప్పి, ఎన్నాళ్లు వాడాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

గుణుపురం_కోడలు: నిన్నటి నుంచి క్లోపిడోగ్రెల్ వేసుకోనంటున్నారు. ఇప్పుడే ఫోన్ చేస్తాను.