సన్నాయి గమకాన్ని ఎంఎస్-20 మినీ అందుకోలేకపోతోంది, ఏం చేయాలి?

నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. ఇటీవల కోర్గ్ ఎంఎస్-20 మినీని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1978 నాటి ఎంఎస్-20 అనే అనలాగ్ సింథసైజర్‌ను (విద్యుత్ సర్క్యూట్లతో స్వరాలు పుట్టించే మీటల వాద్యాన్ని) అదే కంపెనీ 2013లో 86 శాతం పరిమాణంలో తిరిగి తెచ్చింది. పాతదాన్ని మా వైపు కళ్లారా చూసే అవకాశం కూడా లేదు. అందుకే ఇది ఇంటికి వచ్చిన రోజు నాకు పండగే.

నేను కొన్నది మీటల కోసం కాదు, బయటి శబ్దాన్ని తీసుకుని దాని శ్రుతిని ఓల్టేజిగా మార్చే విభాగం కోసం. మా మామయ్య పెళ్లిళ్లలో సన్నాయి వాయిస్తారు. ఆయన మైకు ధ్వనిని అందులోకి పంపి, శ్రుతి ఓల్టేజిని ఆసిలేటర్లకు (స్వరాన్ని పుట్టించే భాగాలకు), ధ్వని హెచ్చుతగ్గులను అనుసరించే ఎన్వలప్ అవుట్‌పుట్‌ను శబ్ద తీవ్రతను నిర్ణయించే ఇనీషియల్ గెయిన్‌కు, స్వరం మొదలైందని తెలిపే ట్రిగర్ అవుట్‌పుట్‌ను ట్రిగర్ ఇన్‌పుట్‌కు కలిపాను. షడ్జమో పంచమమో నిలిపి పట్టినంతసేపు యంత్రం ముచ్చటగా వెంట వస్తోంది. అది వింటే ఒళ్లు పులకరిస్తుంది. గమకం మొదలవగానే మాత్రం స్వరం పై స్థాయికి ఎగిరిపోతోంది.

సన్నాయి నాదంలో మూలస్వరం కన్నా పై హార్మోనిక్స్ (దానితోపాటు మోగే అనుస్వరాలు) బలంగా ఉండటమే కారణమని నా అనుమానం. హై కట్ (ఎంత ఎత్తు శబ్దం వరకు లోపలికి రానివ్వాలో నిర్ణయించే మీట) తగ్గిస్తే ఎగరడం ఆగుతోంది కానీ తారస్థాయి స్వరాలు అందడం లేదు. థ్రెషోల్డ్ (ఎంత గట్టి శబ్దానికి యంత్రం స్పందించాలనే హద్దు) పెంచితే మెత్తగా ముగిసే స్వరాలు తెగిపోతున్నాయి.

ఊది వాయించే వాద్యాలతో ఇలా ప్రయత్నించినవారు లో కట్ (కింది శబ్దాలను ఆపేది), హై కట్‌లను ఎక్కడ ఉంచారు? ముందు కంప్రెసర్ (శబ్ద తీవ్రతలోని హెచ్చుతగ్గులను తగ్గించే పరికరం) పెడితే ప్రయోజనం ఉంటుందా? మైకును సన్నాయి చివరన ఉండే గరాటు భాగానికి దూరంగా, వేళ్ల దగ్గర పెట్టాలా? ఇంకొక సందేహం: ఆన్ చేశాక శ్రుతి కుదురుకోవడానికి ఎంతసేపు ఆగుతున్నారు? దయచేసి చెప్పండి.